సింహం కంట కన్నీరు

అది 1908వ సంవత్సరం. ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ నగర శివార్లలో పుస్తకాలతో నిండిన ఒక పెద్ద ఇల్లు. ఆ ఇంట్లో తొమ్మిదేళ్ల బాలుడు ఒక రాత్రి తలనొప్పితో, పంటినొప్పితో ఏడుస్తున్నాడు. అమ్మ వస్తుందని ఎదురుచూశాడు. అమ్మ రాలేదు. ఆమె గదిలో డాక్టర్లున్నారు. ఇల్లంతా అడుగుల చప్పుడు, తలుపులు తెరిచి మూస్తున్న చప్పుడు. చాలాసేపటికి తండ్రి కన్నీళ్లతో ఆ గదిలోకి వచ్చి, పసివాడికి ఏనాడూ తట్టని సంగతులు చెప్పడానికి తడబడ్డాడు. అమ్మకు క్యాన్సర్.

నమ్మకంతో చేసే ప్రార్థనను దేవుడు వింటాడని ఆ బాలుడికి పెద్దలు నేర్పారు. కాబట్టి వాడు పళ్లు బిగబట్టి నమ్మడానికి ప్రయత్నించాడు. మనసులో అనుమానం రాకుండా కాపలా కాశాడు. అయినా ఆ ఏడాది ఆగస్టు 23న, సరిగ్గా తండ్రి పుట్టినరోజునే, తల్లి కన్నుమూసింది. ఆ తర్వాత కూడా ఏదో అద్భుతం జరిగి అమ్మ లేచి వస్తుందని వాడు కొన్నాళ్లు ఎదురుచూశాడు. ఆ బాలుడే తర్వాతి కాలంలో ప్రపంచమంతా ఎరిగిన క్రైస్తవ రచయిత సి.ఎస్. లూయిస్.

ఈ సంగతి చదివినప్పుడల్లా మాకు మా సేవ తొలినాళ్లు గుర్తుకొస్తాయి. మంచం పట్టిన ఒక తల్లి కోసం ప్రార్థించడానికి వెళ్లి, తలుపు పక్కన నిలబడిన ఆమె కొడుకు తల నిమిరి, అనుమానం లేకుండా ప్రార్థన చెయ్యి బాబూ, అమ్మ తప్పకుండా లేస్తుంది అని చెప్పి వచ్చాం. ఆమె లేవలేదు. భూస్థాపన ముగిశాక ఆ పిల్లవాడు మమ్మల్ని ఏమీ అడగలేదు, కేవలం చూశాడు. తన నమ్మకం చాలక అమ్మ పోయిందని వాడు అనుకున్నాడేమోనన్న బాధ మమ్మల్ని ఏళ్ల తరబడి వెంటాడింది. లూయిస్ జీవితాన్ని మేము శ్రద్ధగా చదివింది ఆ చూపుకు జవాబు వెదుక్కుంటూనే.

లూయిస్ 1898 నవంబరు 29న బెల్‌ఫాస్ట్‌లో పుట్టాడు. తండ్రి ఆల్బర్ట్ న్యాయవాది. తల్లి ఫ్లోరా ఒక ఆంగ్లికన్ పాదిరిగారి కుమార్తె, ఆ రోజుల్లోనే గణితం, తర్కశాస్త్రం చదువుకుని పట్టా పుచ్చుకున్న స్త్రీ. తల్లిదండ్రులు పెట్టిన పేరు క్లైవ్ స్టేపుల్స్. అయితే నాలుగేళ్ల వయసులో ఆ చిన్నవాడు తన పేరు జాక్సీ అని ప్రకటించి, మరే పేరుతో పిలిచినా పలకడం మానేశాడు. వీధిలో బండి కింద పడి చనిపోయిన ఓ కుక్క పేరది అంటారు. అదే జాక్ అయ్యి, ఇంటివాళ్లకూ స్నేహితులకూ చివరిదాకా ఆయన జాక్‌గానే ఉండిపోయారు. తన పేరును తానే పెట్టుకున్న ఈ పిల్లవాడికి తాను నిజంగా ఎవరన్నది తెలియడానికి మాత్రం దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది.

జాక్‌కూ, మూడేళ్లు పెద్దవాడైన అన్న వారెన్‌కూ పుట్టుకతోనే బొటనవేళ్లలో ఒక కీలు లేదు. కత్తెర, అట్టముక్కలు పట్టి బొమ్మలు చేయడం చేతకాక జాక్ కలం పట్టాడు. మాట్లాడే జంతువులు రాజ్యమేలే ఒక దేశాన్ని కల్పించి కథలు రాశాడు. అన్న కల్పనలో ఉన్న ఇండియాను ఆ జంతువుల దేశంతో కలిపి ఇద్దరూ బాక్సెన్ అనే ఊహాలోకాన్ని కట్టారు. తల్లి పోయిన కొద్ది వారాలకే ఆ పసివాణ్ణి సముద్రం దాటించి ఇంగ్లండులోని ఒక బోర్డింగు స్కూలుకు పంపారు. అమ్మ లేదు, ఇల్లు లేదు, ఊరు లేదు. మిగిలిందల్లా అన్న, పుస్తకాలు, ఊహ.

తల్లి మరణంతోనే ఆయన విశ్వాసం కూలిపోయిందని చాలామంది చెబుతుంటారు. లూయిస్ మాత్రం తన ఆత్మకథలో అలా రాయలేదు. ఆనాడు తాను నమ్మినది రక్షకుడినీ కాదు, న్యాయాధిపతినీ కాదు, ఒక మాంత్రికుణ్ణి మాత్రమేనని ఆయన ఒప్పుకున్నారు. వచ్చి, అడిగిన పని చేసిపెట్టి, మళ్లీ కనిపించకుండా వెళ్లిపోయే మాంత్రికుడు. ప్రేమించాల్సిన అవసరం లేదు, భయపడాల్సిన అవసరం లేదు, పని జరిగితే చాలు. మేము ఆ ఇంటి గుమ్మంలో ఆ పిల్లవాడికి పరిచయం చేసింది కూడా సరిగ్గా ఈ మాంత్రికుణ్ణే కదా అని గ్రహించినప్పుడు మాకు సిగ్గేసింది.

పదమూడేళ్లు వచ్చేసరికి జాక్ విశ్వాసాన్ని వదిలేశాడు. అయినా 1914లో తండ్రిని నొప్పించే ధైర్యం లేక గుడిలో కన్ఫర్మేషన్ తీసుకుని, నమ్మకం లేకుండానే ప్రభువు బల్లలో పాలుపొందాడు. తన జీవితంలో చేసిన అతి నీచమైన పనుల్లో అదొకటని తర్వాత ఆయన పశ్చాత్తాపపడ్డారు. బయటికి ఒకరు, లోపల మరొకరు. మన సంఘాల్లో, మన బల్లల దగ్గర అలాంటి యౌవనస్థులు ఎందరున్నారో ప్రభువుకే తెలుసు.

1916లో ఒక రైల్వే స్టేషన్ పుస్తకాల అంగట్లో ఆ యువకుడు జార్జ్ మెక్‌డొనాల్డ్ రాసిన ఫాంటాస్టిస్ అనే కల్పిత కథను కొన్నాడు. మెక్‌డొనాల్డ్ స్కాట్లండుకు చెందినవాడు, ఒకప్పుడు సంఘ కాపరి. ఆ కథలో ఉన్నది పరిశుద్ధత అని అప్పుడు జాక్‌కు తెలియదు. ఏదో చల్లని గాలి లోపలికి వచ్చినట్టయింది, అంతే. ఆయన బుద్ధి నాస్తికత్వంలో ఉండగానే ఊహ దేవునివైపు తిరగడం మొదలుపెట్టింది.

ఈలోగా మొదటి ప్రపంచ యుద్ధం. సరిగ్గా తన 19వ పుట్టినరోజున, 1917 నవంబరు 29న, ఆయన ఫ్రాన్స్‌లోని యుద్ధరంగానికి చేరుకున్నారు. 1918 ఏప్రిల్‌లో ఫిరంగి గుండు పేలి గాయపడ్డారు. అదే యుద్ధంలో ఆయన స్నేహితుడు ప్యాడీ మూర్ చనిపోయాడు. ఇద్దరిలో ఎవరు మరణించినా, బతికినవాడు రెండో కుటుంబాన్ని చూసుకోవాలని వాళ్లు మాట ఇచ్చుకున్నారు. ఆ మాట ప్రకారం లూయిస్ స్నేహితుడి తల్లిని 1951లో ఆమె మరణించేదాకా ఆదుకున్నారు. దేవుణ్ణి నమ్మని రోజుల్లో ఇచ్చిన మాటను ఆయన అంత నమ్మకంగా నిలబెట్టుకోవడం మనం గమనించదగ్గది.

1925లో ఆక్స్‌ఫర్డ్‌లోని మాడ్లిన్ కాలేజీలో ఆయన సాహిత్య బోధకులయ్యారు. 1929 నాటికి దేవుడున్నాడని ఒప్పుకోక తప్పలేదు. కానీ క్రీస్తు దగ్గర ఆగిపోయారు. చనిపోయి తిరిగి లేచే దేవతల కథలు పురాణాల్లో ఎన్నో ఉన్నాయి, అవంటే ఆయనకు ప్రాణం. అయితే అవి అందమైన అబద్ధాలని ఆయన అభిప్రాయం. 1931 సెప్టెంబరు 19 రాత్రి జె.ఆర్.ఆర్. టోల్కీన్, హ్యూగో డైసన్ అనే ఇద్దరు స్నేహితులు కాలేజీ తోటలో నడుస్తూ చాలా పొద్దుపోయేదాకా ఆయనతో మాట్లాడారు. మనిషి కన్న ఆ పాత కథలన్నీ దేని కోసం తపించాయో అది క్రీస్తులో ఒక తేదీన, ఒక ఊరిలో, రోమా అధికారి కాలంలో నిజంగా జరిగిందన్నది వారి వాదన. కొద్ది రోజులకు అన్న మోటారు సైకిలు పక్కబండిలో కూర్చుని జూ చూడటానికి బయల్దేరిన లూయిస్, అక్కడికి చేరేసరికి యేసు దేవుని కుమారుడని నమ్మారు.

రెండో ప్రపంచ యుద్ధం 1939లో మొదలైనప్పుడు లండన్‌పై బాంబులు పడతాయన్న భయంతో పిల్లలను తల్లిదండ్రులకు దూరంగా పల్లెలకు, చిన్న ఊళ్లకు తరలించారు. కొందరు ఆడపిల్లలు ఆక్స్‌ఫర్డ్ శివార్లలో లూయిస్ ఉండే ఇంటికి వచ్చారు. అమ్మకు దూరమైన పిల్లలు ఎలా ఉంటారో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అలా ఊరు విడిచి ఒక ప్రొఫెసరు ఇంటికి చేరిన నలుగురు పిల్లల కథను ఆయన మొదలుపెట్టి పక్కన పెట్టేశారు. ఈలోగా 1941 నుంచి 1944 వరకు బీబీసీ రేడియోలో ఆయన చేసిన విశ్వాస ప్రసంగాలను యుద్ధంలో నలిగిన దేశం చెవులొగ్గి విన్నది. అవే 1952లో మియర్ క్రిస్టియానిటీ అనే పుస్తకంగా వచ్చాయి. పక్కనపెట్టిన పిల్లల కథ 1950లో ద లయన్, ద విచ్ అండ్ ద వార్డ్‌రోబ్‌గా వెలువడింది. 1956 వరకు ఏడాదికొకటి చొప్పున మొత్తం ఏడు నార్నియా పుస్తకాలు వచ్చాయి. ఇప్పటికి పది కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి.

ఇక్కడ మన పెద్దలు కొందరు ఒక ప్రశ్న వేస్తారు. మంత్రగత్తెలు, మాట్లాడే మృగాలు ఉన్న కథలు విశ్వాసుల పిల్లలకెందుకు? ఇది తోసిపుచ్చాల్సిన ప్రశ్న కాదు. మా చిన్నతనంలో చందమామను బైబిలు చాటున పెట్టుకుని చదివిన అనుభవం మాకూ ఉంది. అయితే లేఖనాన్ని జాగ్రత్తగా చూద్దాం. న్యాయాధిపతులు 9వ అధ్యాయంలో యోతాము చెప్పిన కథలో చెట్లు మాట్లాడతాయి, రాజును ఎన్నుకుంటాయి. 2 సమూయేలు 12వ అధ్యాయంలో నాతాను ప్రవక్త దావీదు పాపాన్ని నేరుగా ఎత్తిచూపలేదు. ఒక పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పాడు. దావీదు కథలోని దుర్మార్గుడి మీద మండిపడ్డాక, ఆ మనిషి నీవేనని బయటపెట్టాడు. ప్రసంగానికి మూసుకుపోయిన తలుపులోంచి కథ లోపలికి వెళ్లి, మనమెవరమో మనకే చూపిస్తుంది. లూయిస్ చేసింది ఇదే. చిన్నప్పుడు గుడిలో భక్తిగా ఉండాలని బలవంతపెట్టడం వల్లే తన మనసు బిగుసుకుపోయిందని ఆయనకు తెలుసు. అందుకే ఆ కాపలాను కథతో దాటారు.

నార్నియాలో అడుగుపెట్టిన పిల్లల్ని అక్కడివాళ్లు ఆదాము కుమారుడని, హవ్వ కుమార్తె అని పిలుస్తారు. వాళ్ల చదువు, ఊరు, డబ్బు ఎవరూ అడగరు. వారిలో ఎడ్మండ్ అనే పిల్లవాడు మంత్రగత్తె ఇచ్చిన మిఠాయికి లొంగి తోబుట్టువులనే పట్టిస్తాడు. వాడి బదులు అస్లాన్ అనే సింహం ప్రాణమిచ్చి, తిరిగి లేస్తుంది. ద్రోహి అన్న పేరుతో మొదలైన ఎడ్మండ్, న్యాయవంతుడన్న పేరు గల రాజు అవుతాడు. మరో పుస్తకంలో యూస్టేస్ అనే పొగరుబోతు పిల్లవాడు దురాశతో నిధి మీద పడుకుని నిద్రపోయి, డ్రాగన్‌గా మారిపోతాడు. ఆ తోలును తానే పదేపదే ఒలుచుకుంటాడు. ప్రతిసారీ కింద మరో తోలు ఉంటుంది. చివరికి సింహం తన గోళ్లతో లోతుగా చీల్చి, నీళ్లలో వేస్తేనే వాడు మళ్లీ మనిషి అవుతాడు. ఎఫెసీ పత్రిక 4వ అధ్యాయంలోని ప్రాచీన స్వభావం, నవీన స్వభావం గురించి మేము చేసిన ప్రసంగాలెన్నో సండేస్కూలు పిల్లలకు గుర్తులేవు. ఈ డ్రాగన్ తోలు మాత్రం ఒక్కసారి చెబితే చాలు, గుర్తుండిపోయింది.

ద హార్స్ అండ్ హిజ్ బాయ్‌లో షాస్టా ఒక జాలరి ఇంట్లో దెబ్బలు తింటూ పెరుగుతాడు. తాను అతని కొడుకును కాదని, తనను అమ్మేయబోతున్నాడని చాటుగా విని పారిపోతాడు. దారి పొడవునా సింహాల భయమే. చివరికి మంచు కమ్మిన చీకట్లో పక్కన నడుస్తున్న ఎవరితోనో తన కష్టాలన్నీ చెప్పుకుంటాడు. తనను వెంటాడిన సింహాలన్నీ ఒకే సింహమని, పసికందుగా ఉన్నప్పుడు తన పడవను ఒడ్డుకు చేర్చింది కూడా ఆ సింహమేనని అప్పుడు తెలుస్తుంది. వాడు రాజు కొడుకు. జమ్ముపెట్టెలో నైలునది ఒడ్డున తేలిన మోషే మనకు గుర్తుకు రాడా?

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ కథల్లో నార్నియాకు శత్రువులైన కాలోర్మెన్ ప్రజలను నల్లని రంగు, తలపాగాలు, వంకర కత్తులతో తూర్పుదేశాల వారిని తలపించేలా లూయిస్ చిత్రించారు. అది ఆయన కాలపు ఇంగ్లండు చూపు. మన పిల్లలు చదివేటప్పుడు పక్కన కూర్చుని ఈ సంగతి చెప్పడం మన బాధ్యత. అదే కథలో కాలోర్మెన్ అమ్మాయి అరవిస్ షాస్టాకు తోడై, చివరికి రాణి కావడం కూడా చెప్పాలి. ఆదాము సంతానమన్న పేరు ఏ ఒక్క రంగుకూ చెందినది కాదని లూయిస్ కథే ఆయనకు గుర్తు చేసి ఉండాలి.

ఇప్పుడు మళ్లీ బెల్‌ఫాస్ట్‌లోని ఆ గదికి వద్దాం. 1955లో, 56 ఏళ్ల వయసులో, లూయిస్ ద మెజీషియన్స్ నెఫ్యూ ప్రచురించారు. మాంత్రికుడి మేనల్లుడని ఆ పేరుకు అర్థం. డిగరీ అనే బాలుడి తండ్రి ఇండియాలో ఉంటాడు, తల్లి మరణశయ్య మీద ఉంటుంది. ఇంట్లో ఉన్న మామ మాంత్రికుడే, కానీ వట్టి స్వార్థపరుడు, పిరికివాడు, అతని వల్ల ఏ మేలూ జరగదు. నార్నియాలో డిగరీ సింహం ముందు నిలబడి, అమ్మను బాగుచేయమని వణుకుతూ అడుగుతాడు. అప్పటిదాకా ఆ సింహం పాదాల వైపే చూస్తున్నవాడు తలెత్తుతాడు. సింహం కళ్ల నిండా పెద్ద పెద్ద కన్నీటి బొట్లు. తనకంటే ఎక్కువగా ఆ సింహమే అమ్మ కోసం బాధపడుతోందేమో అనిపిస్తుంది వాడికి.

సింహం వెంటనే అద్భుతం చేయదు. దూరాన ఉన్న తోట నుంచి ఒక పండు తెమ్మని పంపుతుంది. ఆ పండును దొంగిలించి నేరుగా అమ్మకు ఇమ్మని మంత్రగత్తె వాణ్ణి శోధిస్తుంది. గుండె పగులుతున్నా డిగరీ పండును సింహానికే అప్పగిస్తాడు. దొంగిలించిన పండు అమ్మను బతికించి ఉండేది గానీ ఆ బతుకులో సంతోషం ఉండేది కాదని తర్వాత తెలుస్తుంది. అప్పుడు సింహం తానే ఒక పండు ఇస్తుంది, అమ్మ కోలుకుంటుంది. ఆ పండు విత్తు నుంచి పెరిగిన చెట్టు గాలివానకు పడిపోతే, దాని కలపతో చేయించిన బీరువాలోంచే మొదటి పుస్తకంలోని పిల్లలు నార్నియాలోకి వెళ్తారు.

లూయిస్ అమ్మకు ఆ పండు అందలేదు. నలభై ఏడేళ్ల తర్వాత కథలోనైనా అమ్మను బతికించుకున్నాడు పాపం అని మనం అనుకోవచ్చు. కానీ మాకు అంతకంటే పెద్దగా కనిపించేది ఆ కన్నీరు. మాంత్రికుడికి కన్నీళ్లుండవు. లాజరును తానే లేపబోతున్నాడని తెలిసి కూడా సమాధి దగ్గర ఏడ్చిన యేసుకు ఉన్నాయి. తొమ్మిదేళ్ల వయసులో జాక్ దేవుడనుకున్నవాడికీ, ముప్పై రెండేళ్ల వయసులో ఆయన్ను కనుగొన్న దేవునికీ తేడా అదే.

అదే ఏడాది అమెరికా నుంచి ఒక తల్లి లూయిస్‌కు ఉత్తరం రాసింది. తొమ్మిదేళ్ల తన కొడుకు యేసుకంటే అస్లాన్‌ను ఎక్కువగా ప్రేమిస్తున్నానని భయపడుతున్నాడట. లూయిస్ వెంటనే జవాబు రాశారు. అస్లాన్‌లో ఆ అబ్బాయి ప్రేమించే మాటలు, పనులు అన్నీ నిజానికి యేసువే కాబట్టి, వాడు ప్రేమిస్తున్నది యేసునేనని ధైర్యం చెప్పారు. పిల్లల ఉత్తరాలకు స్వయంగా జవాబివ్వడం ఆయన జీవితపు చివరి వారాల వరకు మానలేదు.

ఆయనకు ఇంకో పరీక్ష మిగిలే ఉంది. 1956లో ఆయన అమెరికా రచయిత్రి జాయ్ డేవిడ్‌మన్‌ను రిజిస్టరు పెళ్లి చేసుకున్నారు. ఆ సంవత్సరమే ఆమెకు క్యాన్సర్ బయటపడింది. 1957 మార్చిలో ఆసుపత్రి మంచం పక్కన ఒక పాదిరిగారు ప్రార్థించి, వారికి క్రైస్తవ వివాహం జరిపించారు. ఆమె ఆశ్చర్యంగా కోలుకుని మూడేళ్లు బతికింది. వ్యాధి తిరగబెట్టి 1960 జూలై 13న మరణించింది. ఆమెకు మొదటి వివాహం వల్ల కలిగిన ఇద్దరు కొడుకులు అప్పటికి 16, 14 ఏళ్లవాళ్లు. షాస్టా కథను లూయిస్ అంకితమిచ్చింది ఈ పిల్లలకే. తనలాగే క్యాన్సర్ వల్ల తల్లిని పోగొట్టుకున్న ఇద్దరు పిల్లలు ఇప్పుడు ఆయన ఇంట్లోనే ఉన్నారు. ఆ దుఃఖంలో దేవుణ్ణి కఠినమైన ప్రశ్నలడుగుతూ రాసుకున్న నోటుపుస్తకాలను 1961లో మారుపేరుతో ప్రచురించారు. కానీ ఈసారి ఆయన దేవుణ్ణి వదిలిపోలేదు. కోపమైనా, కన్నీరైనా ఆయన ముందే కుమ్మరించారు. మాంత్రికుడు పని చేయకపోతే తోసేస్తాం, తండ్రితో అయితే ఏడ్చి పోట్లాడతాం.

1963 నవంబరు 22న, 65వ పుట్టినరోజుకు వారం ముందు, లూయిస్ తన ఇంట్లో కన్నుమూశారు. అదే రోజు అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్య జరగడంతో ఆ వార్త లోకానికి ఆలస్యంగా తెలిసింది. తాను ఆరాధనకు వెళ్లే హెడింగ్టన్ క్వారీ గుడి ఆవరణలోనే ఆయన్ను భూస్థాపన చేశారు.

ప్రియులారా, మన పిల్లలకు లోకం రోజుకొక పేరు పెడుతోంది. మార్కులు, రంగు, కులం, తండ్రి సంపాదన, ఫోనులో వచ్చే మెచ్చుకోళ్లు, అన్నీ వాళ్లెవరో చెప్పడానికి పోటీ పడుతున్నాయి. యెషయా 43వ అధ్యాయంలో దేవుడు తన ప్రజలను పేరుపెట్టి పిలిచి తన సొత్తు అంటాడు. ఆ పిలుపు వాళ్ల చెవిన పడాలంటే ఆజ్ఞలు చాలవు, కథలూ కావాలి. రాత్రి పడుకునే ముందు ఒక్క పావుగంట వారి పక్కన కూర్చుని యోసేపు కథో, తప్పిపోయిన కుమారుడి కథో, ఎదిగిన పిల్లలైతే నార్నియా కథో చెప్పండి. చెప్పాక నీతి ఏమిటని అడగకండి. కథకు దాని పని తెలుసు.

మంచం పట్టిన తల్లిదండ్రుల కోసం ప్రార్థించడానికి మేము ఇప్పటికీ వెళ్తాం, స్వస్థత కోసం నమ్మకంతోనే అడుగుతాం. కానీ గుమ్మంలో నిలబడిన పిల్లలకు మా నోటితో ఇక మాట ఇవ్వం. నేల మీద వాళ్ల పక్కన కూర్చుంటాం. అమ్మ గురించి చెప్పమంటాం. నీకంటే ఎక్కువగా యేసు మీ అమ్మ కోసం బాధపడుతున్నాడు నాయనా అని చెబుతాం. మొన్న ఒక పాప, నిజంగా ఆయన కూడా ఏడుస్తాడా అని అడిగింది. ఏడ్చాడమ్మా, బైబిల్లో రాసి ఉంది అని యోహాను సువార్త 11వ అధ్యాయం తీసి, ఆ చిన్న వచనం మీద దాని వేలు పెట్టించాం.